పడిందండి బావగారూ

రెండువేల రెండో సంవత్సరం వేసవిలో మా నాన్నగారు కొట్టిన బంతి పాకెట్లో పడకపోవడమన్నది లేదు. మా ఊళ్ళో అలాగే చెప్పుకునేవారు. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకున్నాను.

వీరవాసరం దగ్గర పల్లె మాది. దాళ్వా, అంటే రెండో పంట, ధాన్యం మిల్లుకి తోలేశాక మా గోడౌను ఖాళీ అయ్యేది. అంతకు రెండేళ్ళ క్రితం రాజమండ్రిలో ఎవరో పూల్ పార్లరు మూసేస్తుంటే నాన్నగారు అందులో, కర్రతో బంతులు కొట్టి ఆడే బల్ల ఒకటి కొనుక్కొచ్చి ఆ గోడౌన్లో వేయించారు. ఆకుపచ్చ గుడ్డ, ఆరు పాకెట్లు, పాకెట్ల కింద బంతులు పడే జాలీలు. "బల్ల తెచ్చారా, నాకు సవతిని తెచ్చారా?" అని అమ్మ నెల్లాళ్ళు సాధించింది. సాయంత్రం ఎండ తగ్గేసరికి నాన్నగారు, మావయ్య, రిటైరైన హెడ్మాస్టరు జగన్నాథరావుగారు అక్కడ చేరేవారు. దీపాలు పెట్టి అన్నానికి పిలిచేదాకా కదిలేవారు కాదు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు పల్లంరాజు. మా రెండిళ్ళకీ కుండమార్పిడి సంబంధం. అమ్మని నాన్నగారికిచ్చారు, నాన్నగారి చెల్లెల్ని మావయ్య చేసుకున్నారు. అంచేత ఆయనకి ఈయనా, ఈయనకి ఆయనా బావగారే. వాళ్ళిద్దరూ ఒకరినొకరు 'గారు' లేకుండా పిలుచుకోగా నేనెప్పుడూ వినలేదు. మా రాజుల ఇళ్ళల్లో మర్యాద అలాంటిది. పాలు తాగే పిల్లని లాలించేటప్పుడు కూడా 'అండి' తగిలిస్తాం. అది మాకు మహా గొప్ప. ఆ వేసవిలో ఆ గొప్పే మా కొంప ముంచబోయింది.

నేనప్పుడు భీమవరంలో డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికొచ్చాను. నాన్నగారికి మగపిల్లలు లేరు, నేనొక్కదాన్నే. ఆయనకి ఆట నేర్పడానికి ఒక మనిషి కావాలి. ఆడపిల్ల కర్ర పుచ్చుకుని బల్ల మీద వంగడమేంటని అత్తయ్య మూతి తిప్పినా ఆయన లెక్కచెయ్యలేదు. "హారతీ, రామ్మా" అని నా చేతికి కర్ర ఇచ్చారు.

ఆ వేసవి కరెంటు కోతలు విపరీతం. సాయంత్రం ఆట రసపట్టులో ఉండగా టప్పున పోయేది. బల్ల మీద వేలాడదీసిన ఎమర్జెన్సీ లైటు వెలుగు బల్ల మధ్యకి చాలేది, మూలలు చీకట్లో ఉండిపోయేవి.

"పాకెట్ కనపడట్లేదు నాన్నగారూ" అన్నాను మొదటిరోజు.

"పాకెట్ ఎక్కడికీ పారిపోదమ్మా. దాన్ని చూసి నువ్వు చేసేదేం లేదు. బంతిని చూడు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం, కళ్ళు చెదిరే వెలుతురులో కూడా, పాకెట్ మీద తువ్వాలు కప్పించి కొట్టమన్నారు. ఆయన నేర్పిన పద్ధతి ఇది. ముందు ఒక్కసారి పాకెట్ ఎక్కడుందో, కొట్టాల్సిన బంతి ఎక్కడుందో చూసుకుని రెంటికీ మధ్య మనసులో గీత గీసుకోవాలి. ఆ గీతని బంతి వెనక్కి కాస్త పొడిగించాలి. అక్కడ బంతికి ఆనుకుని లేని తెల్లబంతి ఒకటి కూర్చుని ఉందనుకోవాలి. మనం కర్రతో కొట్టే తెల్లబంతి వెళ్ళి సరిగ్గా ఆ లేని బంతి చోట్లో కూర్చోవాలి. అంతే. ఇంక పాకెట్ ఊసెత్తకూడదు.

"పాకెట్ వైపు చూశావంటే చెయ్యి కూడా అటే జరుగుతుంది. పడుతుందా పడదా అన్న దిగులు చూపులోంచి చేతిలోకి దిగుతుందమ్మా. అందుకే కప్పెయ్యమంటున్నా."

"మరి పడిందో లేదో ఎలా తెలుస్తుందండి?"

"విను" అన్నారు.

మొదట్లో నా బంతులు బల్ల అంచుకి కొట్టుకుని తిరిగొచ్చేవి. కొట్టి కొట్టి భుజాలు పీకేవి. మామిడికాయలు దిగే రోజులకి తువ్వాలు చాటునుంచి టప్పుమని చప్పుడు వినిపించసాగింది. ఆ చప్పుడు వినగానే నాకు ఎగిరి గంతెయ్యాలనిపించేది. మా నాన్నగారంత గురువు ఉభయగోదావరుల్లోనూ లేడని కాలేజీ స్నేహితురాళ్ళకి ఉత్తరాలు రాసేశాను. ఆయన అంత బాగా నేర్పుతున్నారంటే ఆ విద్య ఆయనకి ఎందుకు అవసరమైందో అప్పుడు నాకు తట్టలేదు.

ఆవకాయ కాయలు తేవడానికి ఒకరోజు నాన్నగారూ నేనూ వ్యాన్లో భీమవరం వెళ్ళాం. మా మారుతి వ్యాన్ని ఆయన తప్ప ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. వచ్చేటప్పుడు కాలవ గట్టు మీదుగా వస్తున్నాం. మరమ్మతులకని కాలవలు కట్టేశారేమో, గట్టు కింద నీళ్ళు లేవు, ఎండిన బురద నెర్రెలు విచ్చి ఉంది. నేను ఎడమవైపు సీట్లో కూర్చుని కాయలు లెక్కకన్నా తక్కువిచ్చాడని కొట్టువాణ్ణి తిడుతున్నాను. ముందు రోడ్డు వారగా పాలక్యాన్లు కట్టుకుని సైకిలు మీద మా ఊరి పాలబుల్లియ్య పోతున్నాడు. వ్యాను అతని వైపే జరుగుతోంది. నాన్నగారు తప్పిస్తారనుకున్నాను. ఇంకా జరిగింది.

"నాన్నగారూ, సైకిలు!" అని అరిచాను.

ఆయన ఒక్కసారి కుడివైపు తిప్పారు. వ్యాను అంచు క్యాన్లకి తగిలింది. బుల్లియ్య సైకిలుతో సహా గట్టు వాలులోకి జారిపోయాడు. పాలన్నీ నేలపాలయ్యాయి. నేను తలుపు తీసుకుని పరుగెత్తాను. బుల్లియ్య మోచెయ్యి గీరుకుపోయి నెత్తురొస్తోంది. లేచి పంచె దులుపుకున్నాడు. నాన్నగారు కూడా దిగి వచ్చేసరికి రెండు చేతులూ జోడించాడు.

"తప్పు నాదేనండి రాజుగారూ. సూసుకోకుండా అడ్డొచ్చేసేనండి. మీకేం తగల్లేదు కదండీ?"

నాన్నగారు అతన్ని వ్యాన్లో ఎక్కించుకుని కట్టు కట్టించారు, పాల నష్టం తానే ఇచ్చుకున్నారు. ఆ విషయంలో ఆయనకి వంక పెట్టడానికి లేదు. ఇంటికొచ్చే దారిలో మాత్రం, "ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో చూశావా? పాపం, వాడే ఒప్పుకున్నాడు" అన్నారు. బుల్లియ్య ఎక్కణ్ణించీ ఊడిపడలేదు. అరమైలు దూరం నుంచి మా ముందే ఉన్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేనొక్కదాన్నీ గోడౌన్లో కొట్టుకుంటున్నాను. ఎడమవైపు మూల పాకెట్ మీద ఎర్రగళ్ళ తువ్వాలు కప్పి ఉంది. కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి, వెలుతురుకి లోటు లేదు. నాన్నగారు భోంచేసి, పనిలో పనిగా నాకొక దూరపు దెబ్బ చూపిద్దామని వచ్చారు. బంతులు సర్దుకుని, కర్రకి చాక్ రాసుకుని, వంగి, మళ్ళీ లేచి నిలబడ్డారు.

"తువ్వాలు కప్పవేంటమ్మా? పాకెట్ కనపడుతుండగా కొడితే నీకేం తెలుస్తుంది?"

నేను తువ్వాలు వైపు చూశాను. ఆయన వైపు చూశాను. పరాచికాలాడుతున్నారేమో అనుకున్నాను. ఆయన మొహంలో ఆ ఛాయలేం లేవు. ఎదురుచూస్తున్నారు.

"కప్పుతున్నానండి" అన్నాను. వెళ్ళి, ఉన్న తువ్వాలునే ఇటు లాగి అటు లాగి వచ్చి నిలబడ్డాను.

ఆయన కొట్టారు. బంతి పాకెట్ కి జానెడు ఇవతల అంచుకి తగిలి ఆగిపోయింది.

"పడిందా?"

"పడిందండి" అంది నా నోరు.

నేను ఆలోచించి చెప్పిన అబద్ధం కాదది. ఎవరైనా పెద్దవాళ్ళు కూర వడ్డించి బాగుందా అంటే బాగుందండి అన్నట్టు వచ్చేసింది. ఆయన సంతోషంగా నా వీపు తట్టి వెళ్ళి పడుకున్నారు. నేను మాత్రం ధాన్యం బస్తాల కోసం వేసిన చెక్కల మీద కూలబడ్డాను. ఆ ఆదివారం మేమంతా వ్యాన్లో కోరుకొండ వెళ్ళాల్సి ఉంది. మావయ్యకి లేకలేక పుట్టిన సహస్రకి నరసింహస్వామి కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాలి. మేనమామ కనక మొదటి కత్తెర నాన్నగారు వెయ్యాలి. మేమూ, మావయ్యావాళ్ళూ, సెలవులకొచ్చిన చుట్టాల పిల్లలూ, అందరం ఆ వ్యాన్లోనే. తోలేది నాన్నగారు.

ఆ సాయంత్రం నేను ఆడలేదు. తలుపు పక్కన నిలబడి చూశాను. నాన్నగారు దగ్గరి బంతుల్ని చక్కగానే వేశారు. దూరపు బంతి ఒకటి కొట్టారు. తప్పింది. మూల దగ్గర నిలబడ్డ మావయ్య మాటల్లో మాటగా చెయ్యి చాపారు, ఆగిపోయిన బంతిని రెండు వేళ్ళతో పట్టుకున్నారు, పాకెట్లోకి జారవిడిచారు. టప్పుమంది.

"పడిందండి బావగారూ!"

"శభాష్ రాజుగారూ, శభాష్!" అన్నారు జగన్నాథరావుగారు నాన్నగారితో, గోడవైపు చూస్తూ.

మావయ్య చెయ్యి ఎంత అలవాటుగా వెళ్ళిందంటే, ఆయన అటు చూడను కూడా చూడలేదు. ఎంతోకాలంగా ఇలా చేస్తుంటే తప్ప అంత నేర్పు రాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆట అయ్యాక మావయ్యని మా గేటు దగ్గర పట్టుకున్నాను.

"ఎప్పణ్ణించి మావయ్యా?"

"ఏంటమ్మా?"

"బంతులు మీరు వెయ్యడం."

ఆయన అటూ ఇటూ చూశారు. "పోయిన దసరా నుంచి" అన్నారు మెల్లిగా. "పాపం, కళ్ళు కాస్త మందగించినట్టున్నాయి. పొద్దస్తమానం పొలమూ మిల్లూ అని తిరిగే మనిషి. ఆ గంటసేపు సంతోషంగా ఉంటారు. అది కూడా ఎందుకమ్మా చెడగొట్టడం?"

"డాక్టరుకి చూపించాలనిపించలేదా?"

"ఎలా అంటానమ్మా? మీకు కళ్ళు కనపడట్లేదండీ అని బావగారి మొహం మీద ఎలా అంటాను? పేపరు చక్కగా చదువుతున్నారు కదా. అంత ఇబ్బందైతే ఆయనే చూపించుకుంటారులే."

"ఆదివారం ఆ వ్యాన్లో ఎక్కేది మీ కూతురు."

ఆ సంగతి ఆయనకి తెలియకపోలేదు. "నేను ముందు సీట్లో కూర్చుంటాను" అన్నారు. "మెల్లిగా పోనివ్వండి బావగారూ, పిల్లలకి కడుపులో తిప్పుతుంది అంటాను. ఎవరైనా అడ్డొస్తే, అదుగో మనవాడేనండి అని చూపిస్తాను. నేను చూసుకుంటాగా."

ఇంత వయసొచ్చిన మనిషి, కన్నకూతుర్ని ప్రమాదంలో పెట్టడానికైనా సిద్ధపడ్డారు గానీ ఒక్క మాట అనడానికి సిద్ధపడలేదు. ఆయన్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. ఏం లాభం? మధ్యాహ్నం నేను చేసిందేంటి?

అమ్మకి చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. నాన్నగారికి కంచం పెడుతోంది. కూర, పప్పు, పచ్చడి అన్నీ కంచం మధ్యలో, అన్నాన్ని ఆనుకుని పెట్టింది. మంచినీళ్ళ గ్లాసు కుడివైపు, చెయ్యి తగిలేంత దగ్గరగా. ఎప్పటినుంచి అలా పెడుతోందో గుర్తు చేసుకుందామంటే నాకు గుర్తు రాలేదు.

"నువ్వూనా అమ్మా?"

అమ్మ నా మాట అర్థం కానట్టు నటించలేదు. కంచం పక్కన పెట్టి కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"చీకటి పడ్డాక గడప దాటేటప్పుడు మీ నాన్నగారు నా భుజం మీద చెయ్యి వేస్తున్నారు. ఏదో ముచ్చటకి వేసినట్టు వేస్తారు. పాతికేళ్ళ కాపురంలో ఎప్పుడూ వెయ్యలేదు." "ఆయనకి తెలీదనుకున్నావా? తెలుసు. నేనంటే ఆ చెయ్యి తీసేస్తారు. తీసేసి గడప తన్నుకుని పడతారు."

"మరి ఆదివారం?"

"నువ్వు చెప్పు. నీ మాటైతే కోప్పడి ఊరుకుంటారు."

నేను చెబుదామని రెండుసార్లు ఆయన పడక్కుర్చీ దాకా వెళ్ళాను. ఒకసారి కాఫీ కావాలా అని అడిగి వచ్చేశాను. ఇంకోసారి అదీ అడగలేదు. మూడోసారికి నాకొక ఉపాయం తట్టింది. ఆయన్ని నొప్పించకుండా, ఒక్క మాట అనకుండా, తాళాలు చేతిలోంచి తీసుకునే ఉపాయం. అది నా తెలివనుకుని మురిసిపోయాను గానీ, మావయ్య తెలివీ అదే.

"నాన్నగారూ, మనిద్దరం ఒక ఆట ఆడదామండి. శనివారం సాయంత్రం. పందెం."

"అబ్బో! ఏంటమ్మా పందెం?"

"నేను గెలిస్తే ఆదివారం వ్యాను తాతాజీ తోలాలి. మీరు వెనకాల పిల్లలతో కూర్చోవాలి." తాతాజీ మా ఊళ్ళో కిరాయికి కార్లు తోలేవాడు.

నాన్నగారు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. నావైపు కాస్త ఎక్కువసేపే చూశారు. ఆ చూపు నా మొహాన్నంతా ఒకేసారి చూడలేక కళ్ళని, నోటిని, మళ్ళీ కళ్ళని వెతుక్కుంటోందని అప్పుడే మొదటిసారి కనిపెట్టాను.

"నేను గెలిస్తే?"

"మీ ఇష్టమండి."

"నేను గెలిస్తే నువ్వు ముందు సీట్లో నా పక్కన కూర్చుని కోరుకొండ దాకా నోరెత్తకూడదు. సైకిలు గొడవ నాటినుంచీ వ్యానెక్కితే చాలు, ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చుంటున్నావు." నవ్వుతూనే అన్నారు. గొంతు మాత్రం నవ్వలేదు.

శనివారం సాయంత్రం గోడౌన్లో జాతరలా ఉంది. సహస్రని ఎత్తుకుని అత్తయ్య కూడా వచ్చింది. పిల్లలంతా బస్తాల చెక్కల మీద ఎక్కి కూర్చున్నారు. అమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆట మొదలైన కాసేపటికే కరెంటు పోయింది. జగన్నాథరావుగారు ఎమర్జెన్సీ లైటు వెలిగించారు. బల్ల మధ్యలో వెలుతురు, చుట్టూ చీకటి. మావయ్య వెళ్ళి ఎడమ మూల దగ్గర నిలబడ్డారు. నేను కళ్ళతోనే ఆయన్ని బతిమాలాను, వద్దని. ఆయన చూపు తప్పించుకున్నారు.

నాన్నగారు బాగా ఆడారు. అది చెప్పకపోతే తప్పు. ఆయన కంటి ముందున్న బంతి ఏదైనా సరే తప్పించుకోలేదు. కొట్టాక మాత్రం తల కాస్త పక్కకి వంచి వినేవారు. నా చేతులు చెమటలు పట్టి కర్ర జారిపోతోంది. మంచి బంతులు రెండు చేజేతులా పోగొట్టుకున్నాను. చివరికి ఇద్దరికీ నల్లబంతి ఒక్కటే మిగిలింది. దాన్ని ఎవరు ముందు వేస్తే వాళ్ళదే ఆట. వంతు నాన్నగారిది.

నల్లబంతి బల్లకి ఆ చివర ఉంది. ఏ పాకెట్లో వేస్తారో ముందుగా చెప్పాలి.

"ఎడమ మూల" అన్నారు.

ఆయన కర్ర రెండుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి కొట్టారు. నల్లబంతి మెల్లిగా చీకట్లోకి దొర్లింది. పాకెట్ పెదవికి తగిలి, తటపటాయించి, అరచెయ్యి దూరంలో ఆగిపోయింది. మావయ్య చెయ్యి చీకట్లోంచి వచ్చింది.

టప్.

"పడిందండి బావగారూ!"

"అద్భుతం రాజుగారూ!" అన్నారు జగన్నాథరావుగారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళని చూసి సహస్ర కూడా అరచేతులు తట్టింది. నాన్నగారి మొహం వెలిగిపోయింది. జేబులోంచి వ్యాన్ తాళాలు తీసి గలగలలాడించారు. "పొద్దున్నే బయల్దేరాలి. ఎండెక్కకముందే కొండెక్కెయ్యాలి. ఏం హారతీ, నోరెత్తకూడదు మరి!"

నేను అత్తయ్య చంకలో ఉన్న సహస్రని చూశాను. దాని జుట్టు ఎప్పుడూ కత్తెర తగలక కళ్ళ మీద పడుతోంది.

"పడలేదు నాన్నగారూ" అన్నాను.

"పడలేదేంటమ్మా? చప్పుడు వినపడిందిగా."

"మావయ్య చేత్తో వేశారండి."

తాళాల చప్పుడు ఆగిపోయింది. నాన్నగారు మావయ్య ఉన్న వైపు తిరిగారు. కాస్త పక్కకి తిరిగారు, మళ్ళీ సరిచేసుకున్నారు.

"బావగారూ?"

మావయ్య మూల దగ్గర్నుంచి వెలుతుర్లోకి వచ్చారు.

"ఎన్నాళ్ళ నుంచండి?"

"దసరా నుంచండి" అన్నారు మావయ్య.

"అన్నీ మీరే వేశారా?"

"అయ్యో, అన్నీ కాదండి! సగం పైగా మీరే వేశారండి. ఒట్టు."

"ఏ సగమండి?"

జగన్నాథరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఎంత తుడిచినా మళ్ళీ పెట్టుకోలేదు. గుమ్మం దగ్గర అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్నగారు కోప్పడతారని, కర్ర విసిరేస్తారని నేను భయపడ్డాను. అంతకన్నా ఎక్కువగా, ఏమీ అనకుండా వెళ్ళిపోతారేమోనని భయపడ్డాను. ఆయన బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడ్డారు.

"అయితే ఆట అవలేదన్నమాట" అన్నారు. "నల్లబంతి ఎక్కడ ఆగిందో అక్కడ పెట్టండి బావగారూ. హారతీ, నీ వంతు."

"నాన్నగారూ, వద్దండి..."

"నీ వంతమ్మా."

మావయ్య జాలీలోంచి బంతి తీసి పెట్టారు. నేను వంగాను. ఎడమ మూలకి అరచెయ్యి దూరమే అయినా బంతి అడ్డదిడ్డంగా ఉంది, తెల్లబంతి బల్లకి ఈ చివర. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగి పాకెట్ మాయమైపోయింది. వెలుతురు, చీకటి, ఆకుపచ్చ గుడ్డ అన్నీ కలిసిపోయాయి. నల్లబంతి మాత్రం మసగ్గా కనపడుతోంది. గీత గీసుకున్నాను. బంతి వెనక లేని బంతిని పెట్టుకున్నాను. పాకెట్ ఉన్నచోటే ఉంటుందని నమ్మాను. కొట్టాను.

ఆ తరవాత ఏమైందో అక్కడున్న అందరూ చూశారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నాన్నగారు మావయ్యని అడగలేదు. హెడ్మాస్టరుగారిని అడగలేదు.

"హారతీ, పడిందా?"

"పడిందండి."

ఆయన వెళ్ళి జాలీలో చెయ్యి పెట్టి తడుముకోలేదు. తాళాలు బల్ల మీద పెట్టి, గుడ్డ మీదుగా నావైపు తోశారు.

ఆదివారం మేం కోరుకొండ వెళ్ళలేదు. పుట్టువెంట్రుకలు పై నెలలో తీయించుకోవచ్చని అత్తయ్యే అంది. సోమవారం పొద్దున్న తాతాజీ వ్యాను తీశాడు. నాన్నగారు, అమ్మ, నేను, మావయ్య రాజమండ్రి కళ్ళాసుపత్రికి వెళ్ళాం. దారంతా నాన్నగారు తాతాజీకి గేర్లు మార్చడం నేర్పుతూనే ఉన్నారు.

ఆసుపత్రిలో పరీక్షలకి మధ్యాహ్నమైంది. అమ్మ మందుల కొట్టు దగ్గర వరసలో నిలబడింది. మావయ్య డాక్టరుగారి గదిలోకి రానన్నారు, వరండాలో బల్ల మీదే ఉండిపోయారు. నాన్నగారితో నేనొక్కదాన్నే వెళ్ళాను. డాక్టరమ్మగారు చిన్నావిడ. మెల్లిగానే చెప్పింది గానీ ఏదీ దాచలేదు. గ్లకోమా, మనవాళ్ళు నీటికాసులంటారు. కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుంచి లోపలికి తినుకుంటూ వస్తుంది. నొప్పి ఉండదు, ఎదురుగా ఉన్నది కనపడుతూనే ఉంటుంది, అందుకే మనిషికి తెలియదు. ఎడమ కంట్లో చూపు దాదాపు పోయింది. అది తిరిగి రాదు. కుడి కన్ను మాత్రం ఆపరేషను చేసి, చుక్కల మందు వేసుకుంటూ ఉంటే ఇప్పుడున్నంత మేర నిలబెట్టుకోవచ్చు.

"ఒక్క ఆర్నెల్ల ముందు తీసుకురావాల్సిందండి" అంది నాతో. "ఎడమ కన్ను కూడా చాలావరకు దక్కేది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

నేను తల వంచుకున్నాను.

"నేనే ఎవరికీ తెలియనివ్వలేదండి" అన్నారు నాన్నగారు. లేచి ఆవిడకి నమస్కారం పెట్టారు.

తలుపు దగ్గర నా భుజం మీద చెయ్యి వేశారు. ఈసారి ముచ్చటకన్నట్టు వెయ్యలేదు, గట్టిగా పట్టుకున్నారు. అలా పట్టుకుని ఆగారు.

"అమ్మా, ఆ ఆర్నెల్ల మాట బయట అనకు."

"ఎవరితోనండి?"

"మీ మావయ్యతో. తట్టుకోలేరు."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఈ మర్యాదే కదా ఆయన ఎడమ కన్ను పొట్టన పెట్టుకుంది! ఆ మాట అనబోయాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆయన నన్ను ఆజ్ఞాపించడం లేదు, బతిమాలుతున్నారు.

బయటికి రాగానే మావయ్య బల్ల మీంచి లేచారు. రెండు రోజుల్లో ఆయనకి పదేళ్ళు మీద పడ్డాయి.

"ఏమన్నారమ్మా? ముందే వచ్చుంటే బాగుండేదన్నారా? దాచకమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు. దసరా అప్పుడే తీసుకొచ్చుంటే..."

"లేదు మావయ్యా" అన్నాను. "సరైన టైముకే తీసుకొచ్చారన్నారు."

మావయ్య రెండు చేతులతో మొహం కప్పుకుని, వరండాలో అందరూ చూస్తుండగా, పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చారు.

"చూశారా బావగారూ" అన్నారు నాన్నగారు. "మీరేమో ఊరికే కంగారు పడ్డారు."

మావయ్య కండువాతో కళ్ళు తుడుచుకుని వచ్చి నాన్నగారి చెయ్యి పట్టుకున్నారు. ఇద్దరూ నా ముందు నడిచారు. వరండా చివరికొచ్చేసరికి మావయ్య ఆగి, అందరికీ వినపడేలా, "ఇక్కడ మెట్టుందండి బావగారూ" అన్నారు.